మాంట్రియల్‌లో వింటర్ టైర్లు: ముందు రెండే మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా కరోలా కారుకి 205/55ఆర్16 టైర్లున్నాయి (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు). రోడ్ల మీద మంచు కంటే స్లష్షే (సగం కరిగిన మంచు బురదే) ఎక్కువ. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే, ముందు రెండూ మారిస్తే చాలదా?

జవాబు: వద్దండీ, నాలుగూ మార్చాల్సిందే. ముందు పట్టు, వెనక జారుడు అయితే మలుపులో బ్రేక్ వేయగానే బండి తోక తిరుగుతుంది. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అక్షరాలు మాత్రమే చూసి కొనకండి. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచురేకు గుర్తుండాలి. మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఇవి తప్పనిసరి.

ఇంకో జవాబు: స్లష్‌లో వెడల్పు టైరు తేలుతుంది, సన్నది కోసుకుపోతుంది. బ్రేక్ క్యాలిపర్‌కి (చక్రం లోపల బ్రేక్ డిస్క్‌ని నొక్కే భాగానికి) 15 అంగుళాల రిమ్ తగలకపోతే 195/65ఆర్15 వేయించండి, వ్యాసం దాదాపు అంతే. సెకండ్ హ్యాండ్‌వైతే గాడి లోతు కొలవండి. 4 మిల్లీమీటర్లకు దిగిందా, ఎంత చవకైనా వదిలేయండి: స్లష్‌ని బయటికి నెట్టలేదు.

మొదటి జవాబిచ్చినాయనే: గాలి చల్లటి టైరులోనే చూడండి. ఉష్ణోగ్రత 5–6 డిగ్రీల సెల్సియస్ తగ్గితే గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పడిపోతుంది.