అమ్మ విజిటర్ వీసా మీద ఇక్కడే ఉంది. గ్రీన్ కార్డుకి ఇక్కడే ఫైల్ చేయాలా, ఇండియా పంపి చేయాలా?

షార్లెట్_ఖమ్మం:
అందరికీ నమస్కారం. ఈమధ్యే అమెరికా సిటిజన్‌గా నా ఓత్ అయింది, నేచురలైజేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. అమ్మ అంతకుముందే బీ-2 విజిటర్ వీసా మీద వచ్చి మాతో ఉంది. ఐ-94 (ఇక్కడ ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పే రికార్డు) గడువు ఇంకా ఉంది. నాన్నగారు లేరు. అమ్మ ఖమ్మం జిల్లాలో టీచరుగా చేసి రిటైరైంది. పెన్షన్ వస్తుంది, ఊళ్ళో కొంచెం పొలం ఉంది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు.

ఆఫీసులో తెలుగువాళ్ళేమో "అమ్మ ఇక్కడుండగానే ఐ-130 (బంధువు కోసం మనం వేసే పిటిషన్), ఐ-485 (ఇక్కడే ఉండి వేసే గ్రీన్ కార్డు దరఖాస్తు) కలిపి వేసెయ్, ఇంక పంపించకు" అంటున్నారు. మా మామగారేమో "టూరిస్టుగా వచ్చి గ్రీన్ కార్డుకి పెడితే మోసం కింద లెక్క, ముంబై కాన్సులేట్ ద్వారానే చెయ్యి" అంటున్నారు. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. మీరైతే ఏం చేస్తారు, ఎందుకు?

ఎడిసన్_వాసి:
ముందుగా అభినందనలు. మీ మామగారి భయం అర్థమవుతుంది కానీ చట్టం అలా లేదు. 21 ఏళ్ళు నిండిన సిటిజన్‌కి తల్లిదండ్రులు ఇమీడియట్ రిలేటివ్ కేటగిరీలోకి వస్తారు. దీనికి ఏడాదికి ఇన్ని అనే కోటా లేదు. మనం ఉద్యోగం మీద వచ్చే ఈబీ-2, ఈబీ-3 గ్రీన్ కార్డుల క్యూలో ఏళ్ళ తరబడి వీసా బులెటిన్ చూసుకుంటూ కూర్చున్న బాధ అమ్మానాన్నలకి ఉండదు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు చూసి లోపలికి పంపిన మనిషి అయితే, ఐ-130తో పాటే ఐ-485 వేయవచ్చు. ఆ దారి పెట్టింది చట్టమే. దాన్ని వాడుకుంటే మోసం ఎలా అవుతుంది?

ఖర్చు కూడా చెబుతాను. 2024 ఏప్రిల్‌లో మారిన ఫీజుల ప్రకారం కాగితం మీద వేసే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440. ముంబై దారిలో అయితే ఆన్‌లైన్ ఐ-130కి 625, వీసా ఫీజు 325, ఖర్చుల బాధ్యత తీసుకునే అఫిడవిట్ పరిశీలనకి 120, చివర్లో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి 235. చూడటానికి అది తక్కువే, కానీ విమానం టికెట్లూ ముంబై ప్రయాణమూ కలిపితే తేడా మిగలదు. ఫైల్ చేసే రోజు మాత్రం ఫీజులు మళ్ళీ చూసుకోండి.

నాన్నగారు లేని ఇంటికి అమ్మను ఒంటరిగా పంపి, నెలల తరబడి ఎదురుచూడమని చెప్పడం నాకైతే మనసొప్పదు.

ఫ్రిస్కో_పిన్ని:
ఎడిసన్ గారు చెప్పిన చట్టం నిజమే. కానీ ఆయన ఒక ప్రశ్న వదిలేశారు. అమెరికాలో దిగిన రోజు అమ్మగారి మనసులో ఏముంది? "ఎందుకు వచ్చారు, ఎన్నాళ్ళుంటారు" అని ఆఫీసరు అడిగితే ఏం చెప్పారు?

కొడుకుని చూడటానికి వచ్చాను, తిరిగి వెళ్తాను అని నిజంగానే అనుకుని చెప్పి, తర్వాత మనసు మారితే అందులో తప్పు లేదు. అలా కాకుండా ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకుని, విజిటర్ మీద రప్పించి ఇక్కడ ఫైల్ చేద్దామని నిర్ణయించుకుని, ఆవిడ చేత "రెండు నెలల్లో వెళ్ళిపోతాను" అని చెప్పిస్తే అది అబద్ధం. తెలిసి అబద్ధం చెప్పారని తేల్చితే జీవితాంతం అనర్హత. దానికి వేవర్ (మాఫీ) ఉంది, కానీ అది రావాలంటే సిటిజన్ లేదా గ్రీన్ కార్డు ఉన్న జీవిత భాగస్వామికి గానీ, తల్లికి గానీ, తండ్రికి గానీ తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపించాలి. కొడుకూ కూతురూ పడే కష్టం ఆ లెక్కలోకి రాదు. ఈ తల్లికి భర్త లేరు. ఆవిడ అమ్మానాన్నలు ఇక్కడి సిటిజన్లు అయ్యే మాటే లేదు. అంటే ఆవిడకి ఆ వేవర్ లేనట్టే. "ఏం కాదులే, వేసెయ్" అంటున్న ఆఫీసువాళ్ళకి ఈ సంగతి తెలుసా?

ఇంకో మాట కూడా తెలుగువాళ్ళలో బాగా తిరుగుతోంది: "సిటిజన్ తల్లిదండ్రులకి ఐ-94 గడువు దాటినా పర్లేదు" అని. అర్హత వరకు అది నిజమే, గడువు దాటిన కారణంగా ఐ-485 ఆగదు. అయితే 2025 ఫిబ్రవరిలో వచ్చిన యూఎస్‌సీఐఎస్ విధానంలో, దరఖాస్తు తిరస్కరించిన రోజుకి స్టేటస్ (ఇక్కడ ఉండే చట్టబద్ధ అనుమతి) లేనివాళ్ళకి ఇమిగ్రేషన్ కోర్టు నోటీసు ఇస్తామని రాశారు. డెబ్భై ఏళ్ళ మనిషిని ఆ పరిస్థితిలోకి నెట్టే ధైర్యం నాకు లేదు. ఇక్కడే వేయాలనుకుంటే గడువు ఉండగానే, లాయరుకి అన్నీ నిజాలు చెప్పి వేయండి.

ప్రయాణం సంగతి అసలు మర్చిపోవద్దు. ఐ-485 నడుస్తుండగా అడ్వాన్స్ పెరోల్ (వెళ్ళి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) చేతికి రాకుండా ఆవిడ దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే. హెచ్, ఎల్ ఉద్యోగ వీసాల వాళ్ళకున్న మినహాయింపు విజిటర్లకి లేదు. ఊళ్ళో ఎవరికి ఏమైనా, తమ్ముడి ఇంట్లో శుభకార్యమైనా ఆవిడ వెళ్ళలేదు. అత్యవసరమైతే త్వరగా ఇమ్మని అడగవచ్చు కానీ, ఇస్తారన్న గ్యారంటీ లేదు.

ఎడిసన్_వాసి:
పిన్నిగారూ, అబద్ధం చెప్పమని నేనూ అనలేదు. కానీ ఉద్దేశం వేరు, అబద్ధం వేరు. ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు 1980లో కవాజోస్ కేసులో, 1981లో ఇబ్రహీం కేసులో దీన్ని తేల్చింది. ఇమీడియట్ రిలేటివ్ విషయంలో వేరే చెడ్డ అంశాలు లేకపోతే, ముందే ఉండిపోవాలన్న ఉద్దేశం ఉందన్న ఒక్క కారణంతో సాధారణంగా కాదనకూడదని. వచ్చిన 90 రోజుల్లోపు ఫైల్ చేస్తే అబద్ధం చెప్పి వచ్చినట్టు అనుమానిస్తారన్న 90 రోజుల నియమం గురించి కూడా చాలామంది భయపెడుతుంటారు. అది విదేశాంగ శాఖ తన కాన్సులర్ ఆఫీసర్లకి రాసుకున్నది, యూఎస్‌సీఐఎస్ దానికి కట్టుబడి లేదు.

పైగా అమ్మగారు వచ్చినప్పటికి ఈయన సిటిజన్ కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు తల్లిదండ్రులకి ఫైల్ చేయలేరు కదా. అవకాశమే లేని రోజు ఆవిడ దానికోసం పథకం వేసుకుని వచ్చిందని ఎలా అంటారు?

ఫ్రిస్కో_పిన్ని:
ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) ఇంటర్వ్యూ పాసై, ఓత్ తేదీ కోసం చూస్తూ అమ్మను పిలిపించుకునేవాళ్ళు లేరా? ఈయన అలా చేశారని నేను అనడం లేదు. సమాధానం ఆ కుటుంబానికే తెలుసు. మీరు చెప్పిన కేసులు ఉద్దేశం గురించి, చెప్పిన అబద్ధాన్ని అవి మాఫీ చేయవు. ఆవిడ చెప్పిన మాటలు నిజమైతే మీ దారి సరైనదేనని నేనూ ఒప్పుకుంటాను.

హ్యూస్టన్_అమ్మమ్మ:
మీ అందరి మాటలూ చదివాను. ఫారాలూ ఫీజులూ కేసులూ అన్నీ ఉన్నాయి. ఆ తల్లి ఏమంటోందో మాత్రం ఒక్కరూ అడగలేదు బాబూ.

నాకు గ్రీన్ కార్డు వచ్చి చాలా కాలమైంది. మనవరాలిని పెంచాను, ఆ సంతోషం ఎవరూ తీసేయలేరు. కానీ మాది గుంటూరు దగ్గర ఊరు, కాలు బయటపెడితే పదిమంది పలకరించేవాళ్ళు. ఇక్కడ అబ్బాయీ కోడలూ ఆఫీసుకి పోతే సాయంత్రం దాకా మాట్లాడే మనిషి లేదు. గుడికి వెళ్ళాలన్నా ఎవరో కారులో దింపాలి. పెద్దవయసులో ఇది చిన్న విషయం కాదు. నాకు అలవాటైంది, మా వదినగారికి కాలేదు, కార్డు తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయింది.

పిల్లలు గ్రీన్ కార్డుని పెద్ద విజిటర్ వీసా అనుకుంటారు. కాదు. ఇది ఇక్కడ కాపురం ఉండేవాళ్ళకి ఇచ్చే కార్డు. ఏడాదికోసారి వచ్చి నెల రోజులుండి పోతుంటే "మీరు నిజంగా ఇక్కడే ఉంటున్నారా" అని ఎయిర్‌పోర్టులో నిలదీస్తారు. ఏడాది దాటి బయట ఉండాలంటే, ఇక్కడ ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కి (తిరిగి రావడానికి అనుమతి పత్రం) పెట్టుకోవాలి. సంవత్సరంలో ఎక్కువ కాలం ఊళ్ళోనే ఉండాలనుకునే తల్లికి పదేళ్ళ విజిటర్ వీసాయే హాయి. ముందు ఆవిడని కూర్చోబెట్టి అడగండి. "నీ ఇష్టం నాయనా" అంటే అది సమాధానం కాదు, మళ్ళీ అడగండి.

సన్నీవేల్_లెక్కలు:
అమ్మమ్మగారి మాట తర్వాత డబ్బు మాట్లాడటం బాగోదు కానీ తప్పదు. గ్రీన్ కార్డు వచ్చిందంటే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకి చెప్పాలి. అమ్మగారి పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ, పొలం కౌలు అన్నీ వస్తాయి. వ్యవసాయ ఆదాయానికి ఇండియాలో ఆదాయపన్ను లేదు, ఇక్కడ ఆ మినహాయింపు లేదు. ఇండియా బ్యాంకు ఖాతాలన్నీ కలిపి సంవత్సరంలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు చెప్పే ఫారం) వేయాలి. రిటైరైన టీచరు ఎఫ్‌డీలతో ఆ హద్దు ఇట్టే దాటుతుంది. పన్ను పడకపోయినా చెప్పకపోతే జరిమానా భారీగా ఉంటుంది. ఉన్న పొలం ఉంచుకోవచ్చు. కానీ ఎన్నారై అయ్యాక కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి లేదు.

వైద్యం ఇంకా పెద్దది. 65 దాటినా మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వెంటనే రాదు. గ్రీన్ కార్డుతో ఐదేళ్ళు వరసగా ఇక్కడ ఉండాలి, అప్పుడూ ఇక్కడ పనిచేసిన క్వార్టర్లు (పని చేసిన కాలానికి వచ్చే మూణ్ణెల్ల లెక్కలు) లేవు కనుక ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏకి నెలనెలా కట్టాలి. ఈలోగా ప్రభుత్వ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాను కొనుక్కోవచ్చు, కార్డు వచ్చిన 60 రోజుల్లో చేరాలి. విజిటర్ ఇన్సూరెన్సులా కాకుండా పాత బీపీ, షుగర్‌లకీ ఇది వర్తిస్తుంది. దరఖాస్తు నడిచే నెలల్లో ఏం చేస్తారో కూడా ముందే తేల్చుకోండి.

ఐ-864 (అమ్మగారి ఖర్చుల బాధ్యత తీసుకునే అఫిడవిట్) మీద సంతకం పెట్టేముందు చదవండి. ఇంటి మనుషుల లెక్కన పేదరిక రేఖకి 125 శాతం ఆదాయం చూపించడం ఒక్కటే కాదు, అమ్మగారు సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్లు పూర్తయ్యేదాకానో, శాశ్వతంగా వెళ్ళిపోయేదాకానో ఆ బాధ్యత మీదే.

షార్లెట్_ఖమ్మం:
అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మమ్మగారూ, మీరు చెప్పాక అమ్మతో తీరిగ్గా మాట్లాడాను. మొదట "నీ ఇష్టం" అనే అంది. మళ్ళీ అడిగితే అసలు మాట చెప్పింది. మాతో ఉండాలనే ఉంది, కానీ తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి తను లేకుండా ఎలా అని. పొలం కౌలు పత్రాలు కూడా తనే దగ్గరుండి చూసుకోవాలట. అవి అయ్యాక వచ్చి ఉంటానంది. అందుకని గడువులోపే పంపించి, ఇక్కడ నుంచి ఐ-130 మొదలుపెడదామనుకుంటున్నాను. మధ్యలో విజిటర్ మీద ఒకసారి రావచ్చా? కాగితాల్లో దేంతో మొదలుపెట్టాలి?

ఎడిసన్_వాసి:
మీ అమ్మగారి మాటే ఫైనల్. అయినా నా అభిప్రాయం మారలేదు. ఆ ఫంక్షన్ అడ్డు లేకపోతే ఇక్కడే వేయమనేవాణ్ణి. ఎదురుచూసే నెలల్లో ఆరోగ్యం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?

ఫ్రిస్కో_పిన్ని:
ఐ-130 పెండింగులో ఉండగా విజిటర్ మీద రాకూడదని నిషేధం లేదు. కానీ తిరిగి వెళ్తారన్న నమ్మకం ఆఫీసరుకి కలగకపోతే వెనక్కి పంపవచ్చు. పిటిషన్ ఉందా అని అడిగితే ఉందనే చెప్పాలి. నేనైతే ఆ ప్రయాణం పెట్టుకోను, సెలవు పెట్టి మీరే ఊరికి వెళ్ళండి.

కాగితాల్లో మొట్టమొదట మీ జన్మ ధృవీకరణ పత్రం చూసుకోండి. అమ్మ పేరు అందులో ఉండాలి, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన పాతకాలం పదో తరగతి మెమోల్లో చాలావాటిలో తండ్రి పేరే ఉంటుంది కనుక దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం. పుట్టినప్పుడు నమోదు కాకపోతే, స్థానిక అధికారి నుంచి నమోదు లేదన్న పత్రం తీసుకుని, మీ పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళతో అఫిడవిట్లు రాయించండి. అమ్మ పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట మీ ఇంటిపేరుతో ఉంటే దానికీ ఒక అఫిడవిట్, పెళ్ళి రుజువు. ఆవిడ జన్మ పత్రం కూడా ముంబైలో అడుగుతారు. టీచరుగా చేశారు కనుక సర్వీస్ రిజిస్టర్‌లో పుట్టినతేదీ ఉంటుంది, నకలు తీయించండి. పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి వస్తుంది, దానికి తొందర లేదు. అమ్మ ఊళ్ళో ఉన్నప్పుడే తమ్ముడితో వెళ్ళి మీ జన్మ పత్రం, అమ్మ పేరు అఫిడవిట్ రెండూ చేయించుకుంటే, మీరు ఐ-130 ఆన్‌లైన్‌లో ఆ వారమే వేయవచ్చు.