అప్‌డేట్: పుల్నబ్రోన్ చూసొచ్చాం

ఐర్లండ్ క్లేర్ కౌంటీలోని పుల్నబ్రోన్‌లో ఆ రాతి సమాధి తప్ప ఇంకేమైనా ఉందా అని అడిగాను కదా, చెప్పినవాళ్లందరికీ థాంక్స్, వెళ్లొచ్చాం. పుల్నబ్రోన్ ఒక టౌన్‌ల్యాండ్, అంటే ఊరు కాదు, హద్దులూ పేరూ ఉన్న కాస్త నేల, మన రెవెన్యూ గ్రామం కన్నా బాగా చిన్నది, ఐర్లండ్ మొత్తంలో ఇలాంటివి 60,000 పైనే. ఇక్కడ నేలంతా సున్నపురాయి పలకలే, వాన నీళ్లు నిలవకుండా పగుళ్లలోకి దిగిపోతాయి, వంగి చూస్తే లోపల ఫెర్న్ మొక్కలు. ఇంకో వింత, పశువుల్ని చలికాలంలో గుట్టల మీదికి తోలతారు (మిగతాచోట్ల వేసవిలో కదా!), ఎందుకంటే ఆ రాయి వేసవి వేడిని పట్టి ఉంచుతుంది, పైన పొడిగా కూడా ఉంటుంది. అవి ముదురు గడ్డి మేసేస్తేనే వసంతంలో పూలకు చోటు.

ఇక సమాధి. 1980ల్లో తవ్వితే 30 మందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి, 5,000 ఏళ్ల పైమాటే. వాళ్లలో ఒక పసిబిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని 2020లో డీఎన్ఏ పరిశోధనలో బయటపడింది, ఆ బిడ్డనీ అందరితో పాటే అక్కడ పెట్టారు. నాకైతే పైనున్న ఆ పెద్ద బండ కన్నా ఇదే ఎక్కువ అనిపించింది. పార్కింగ్ ఉంది. గాలి మాత్రం విపరీతం, జాకెట్ మర్చిపోకండి.