ఫ్యామిలీతో ఫస్ట్ టైమ్ స్కీయింగ్: గుల్‌మార్గా, ఔలినా, అల్మాటీనా?

గచ్చిబౌలి_నాన్న:
జనవరి చివర్లో వారం సెలవు పెడదామనుకుంటున్నా, రిపబ్లిక్ డే కూడా కలిసొస్తుంది. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, పన్నెండేళ్ల బాబు. ఎవరికీ స్కీయింగ్ రాదు, మంచు ఫ్రిజ్‌లో తప్ప చూసింది లేదు. ఏదో రీల్ చూసి మా ఆవిడ ఉత్తరాఖండ్‌లో ఔలి అంటోంది, బాబేమో కశ్మీర్‌లో గుల్‌మార్గ్ గండోలా (కేబుల్ కార్) అంటాడు, ఆఫీసులో ఒకాయన కజకస్తాన్‌లో అల్మాటీ పొమ్మంటున్నాడు. ఫొటోలు దిగి వచ్చేయడం కాదండీ, పిల్లలకి నిజంగా నేర్పించాలని. వెళ్లినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చలిమంట:
ఔలి గురించి చెప్తా. ఆ రీల్‌లో జోషిమఠ్ నుంచి పైకెళ్లే రోప్‌వే ఉండే ఉంటుంది, 2023 జనవరిలో ఊళ్లో నేల కుంగి ఇళ్లు బీటలు తీసినప్పుడు దాన్ని ఆపేశారు, కాబట్టి దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి, రోడ్డు మీదే పైకి పోవాలి. అసలు తిప్పలు అంతకుముందే, రిషికేశ్ నుంచి జోషిమఠ్ 250 కి.మీ. దాకా ఘాట్ రోడ్డు, పొద్దున్నే బయల్దేరినా సాయంత్రమవుతుంది, మీ పాపకి కారులో వాంతులయ్యే అలవాటుంటే ఇక చెప్పక్కర్లేదు. చేరాక మాత్రం స్లోప్ బాగుంటుంది, ఎదురుగా నందాదేవి, జీఎంవీఎన్ (ఉత్తరాఖండ్ ప్రభుత్వ టూరిజం సంస్థ) వాళ్లు 7 రోజుల కోర్సు, 14 రోజుల కోర్సు పెడతారు. కానీ మంచు పడాలి కదా! మంచు చాలక అక్కడ పోటీలే క్యాన్సిల్ చేసిన సంవత్సరాలున్నాయి. మీకున్న వారంలో రానూపోనూ దారికే సగం పోతుంది.

ఓరుగల్లు_పిల్లగాడు:
అన్నా గుల్‌మార్గ్‌ల కూడా మంచు గ్యారంటీ అనుకోకు. 2024 జనవరిల మేము పోయినం, ఎండిపోయిన గడ్డి తప్ప ఏం లేదు, గుర్రాలోళ్లు కూడా ఖాళీగ కూసున్నరు. మేము వాపస్ ఇంటికొచ్చినంక నెలాఖరుకి పడ్డది మంచు, టీవీల చూసినం. చిల్లై కలాన్ అంటరు అక్కడ, డిసెంబర్ 21 నుంచి జనవరి 31 దాక గట్టి చలి, కానీ చలి ఉన్నంత మాత్రాన మంచు ఉంటదని లేదు. నన్నడిగితే ఫిబ్రవరికి జరుపుకో.

స్కీ_మావయ్య:
పైన తమ్ముడు చెప్పింది కరెక్ట్, ఫిబ్రవరి మొదటి రెండు వారాలు మేలు. అయినా మొదటిసారికి నా ఓటు గుల్‌మార్గ్‌కే, శ్రీనగర్ దాకా ఫ్లైట్, అక్కణ్నుంచి 50 చిల్లర కి.మీ. అంతే. కాకపోతే మీ అబ్బాయికి గండోలా మోజు కొంచెం తగ్గించండి. దాని రెండో దశ (ఫేజ్ 2) దిగేది అఫర్వాత్ కొండ మీద, దగ్గర దగ్గర 13 వేల అడుగులు, అక్కణ్నుంచి కిందికి మెషిన్‌తో చదును చేసిన దారి అంటూ ఉండదు, అంతా పౌడర్ (ఎవరూ తొక్కని వదులు మంచు), ఫారినర్స్ వచ్చేదే దానికోసం. అవలాంచ్‌లు (మంచు చరియలు విరిగిపడటం) కూడా అక్కడే, 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. చూడటానికి ఎక్కండి, తల తిరిగినట్టుంటే వెంటనే దిగిపోండి, స్కీలు మాత్రం తీసుకెళ్లొద్దు. నేర్చుకునేది కింద ఊళ్లోనే, పెద్ద మైదానంలా ఉంటుంది, మనిషిని పైకి లాక్కెళ్లే చిన్న చిన్న డ్రాగ్ లిఫ్టులు ఉంటాయి, పిల్లలు పడ్డా మెత్తగానే ఉంటుంది. సెంట్రల్ టూరిజం శాఖ వాళ్ల స్కీయింగ్ ఇన్‌స్టిట్యూట్ కూడా అక్కడే ఉంది, కోర్సు తేదీలు మీ సెలవుకి కుదిరితే అదృష్టమే, లేకపోతే ప్రైవేట్ ఇన్‌స్ట్రక్టర్, రేటు ముందే గంటకా రోజుకా అని తేల్చుకోండి. గుల్‌మార్గ్‌కి కింద ఉండే టాంగ్‌మార్గ్‌లో కారు ఆగగానే బూట్లు, కోట్లు, స్లెడ్జ్ అని చుట్టూ మూగుతారు, ఒక్కళ్లతో మాట కలిపినా పదిమంది వస్తారు.

సన్నీవేల్_సుబ్బి:
ఇండియా రిసార్టులు నాకు తెలీవు గానీ ఎక్కడికైనా ఒకటే, పేరు కాదు ట్రైల్ మ్యాప్ చూడండి, గ్రీన్ స్లోప్స్ (అన్నిటికంటే సులువైనవి) ఎన్ని, బేస్‌కి ఎంత దగ్గర, మ్యాజిక్ కార్పెట్ (నిలబడితే పైకి తీసుకెళ్లే బెల్టు) ఉందా లేదా. మా కాలిఫోర్నియాలో టాహో వైపు మనవాళ్లు ఎవరొచ్చినా పాలిసేడ్స్ రిసార్ట్‌కి పోదాం అంటారు, 1960 ఒలింపిక్స్ జరిగిన చోటని, నేనేమో బోరియల్‌కో సోడా స్ప్రింగ్స్‌కో తీసుకెళ్తా. చిన్నవే, కానీ కొత్తవాళ్లకి అంతకంటే ఏం కావాలి? ఇంకోటి, పిల్లలకి మీరు నేర్పిద్దామని చూడకండి, అమ్మానాన్న చెప్తే వినరు, ఇన్‌స్ట్రక్టర్ చెప్తే వింటారు. జీన్స్ వేయొద్దు, తడిస్తే అయిపోయినట్టే.

ఇడ్లీ_ఇన్_అల్మాటీ:
అల్మాటీ గురించి ఎవరూ చెప్పలేదే. మన పాస్‌పోర్ట్‌కి 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు, ఢిల్లీ నుంచి డైరెక్ట్ ఫ్లైట్. సిటీలో దిగి మెదెవు దాకా బస్సులో పోయి గండోలా ఎక్కితే షింబులాక్ స్కీ రిసార్ట్, బేస్ 2,260 మీటర్లు, పైన 3,200. స్లోప్స్ రోజూ చదును చేస్తారు, మంచు తక్కువైతే మెషిన్లతో కొడతారు, అందుకే జనవరిలోనే వెళ్లాలంటే నేనైతే ఇదే అంటా. ఇంగ్లీష్ వచ్చే ఇన్‌స్ట్రక్టర్‌ని ముందే బుక్ చేసుకోవాలి, రష్యన్‌లో "వంగు, వంగు" అంటే పాపకేం అర్థమవుతుంది! వెజ్ వాళ్లయితే పొడులు, పచ్చళ్లు మోసుకెళ్లండి, అక్కడ గుర్రం మాంసం మామూలే.

చలిమంట:
ఖర్చు ఎక్కువవదా మరి?

ఇడ్లీ_ఇన్_అల్మాటీ:
టికెట్లకి అవుతుంది, నలుగురు కదా. లిఫ్ట్ పాస్, అద్దె సామాను కూడా తక్కువేం కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో వింటర్ స్పోర్ట్స్ కవర్ ఉందో లేదో చూసుకోండి, చాలా వాటిలో విడిగా కట్టాలి.

గచ్చిబౌలి_నాన్న:
అందరికీ థాంక్సండీ. ఔలి తీసేశాం, మా ఆవిడ ఒప్పుకుంది, ఘాట్ రోడ్డు అనగానే. ఫిబ్రవరి రెండో వారం గుల్‌మార్గ్, స్కూల్లో లీవ్ అడగాలి. అక్కడ మన ఫోన్లు పనిచేస్తాయా?

స్కీ_మావయ్య:
పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది, మన ప్రీపెయిడ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు. ఒక్క నంబరైనా ఇప్పుడే మార్పించుకోండి. గండోలా టికెట్ కూడా ఆన్‌లైన్‌లో ముందే కొనండి, అక్కడికెళ్లి చూద్దాంలే అనుకుంటే దొరకదు.