ఒకరు సగంలో వదిలిన ఓడ నమూనాను పూర్తి చేసేవారు మొదటివారి పనిని విప్పవచ్చా?

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం)
సభ్యులందరికీ నమస్కారం. బారువలో మా పెద్దమ్మగారి పొరుగింటివారు నాకు ఒక ఓడ నమూనాను అప్పగించారు. ఆ ఇంటి పెద్దాయన సరకు ఓడల్లో పనిచేసి పదవీ విరమణ పొందిన మనిషి. విదేశంలో కొనుక్కున్న కట్టీ సార్క్ (పాతకాలపు బ్రిటిష్ తెరచాప ఓడ) నమూనా కిట్‌ను తీరిక దొరికాక మొదలుపెట్టి, హల్ (ఓడ డొల్ల) మీద మొదటి పొర చెక్క పట్టీలు సగానికి పైగా అంటించి, ఆరోగ్యం చెడి ఆపేశారు. ఇప్పుడు ఆయన లేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఇంటి పైరేకులు లేచిపోయి, అటక మీది పెట్టెలోకి నీరు దిగింది.

నమూనా 75కి 1 కొలతలో ఉంది, హల్ పొడవు దాదాపు 86 సెంటీమీటర్లు. వెన్నుచెక్క (ఓడ అడుగున ముందునుంచి వెనుకదాకా సాగే చెక్క) వెనుక భాగం ఒక పక్కకు 4 మిల్లీమీటర్లు వంగింది. ఎడమ వైపు ముక్కు దగ్గర పట్టీలను సన్నగా చెక్కకుండానే అంటించడం వల్ల అవి ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. పట్టీలకు లోపల ఆసరాగా ఉండే అడ్డచెక్కల మీద ఆయన పెన్సిలుతో రాసుకున్న కొలతలు ఇప్పటికీ చదవగలిగేలా ఉన్నాయి. ఫోటోలు జతచేశాను. ఆయన అంటించినదంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాలా, లేక ఉన్నదానిమీదే ముందుకు పోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

కొలబద్ద (విజయనగరం)
ఫోటోలు చూశాను. విప్పవలసిందే. ఉద్యోగకాలమంతా హల్ డ్రాయింగులు గీసినవాడిగా చెబుతున్నాను, వెన్నుచెక్క వంకరగా ఉంటే దానిపైన పెట్టే ప్రతిదీ వంకరగానే వస్తుంది. 75వ వంతు నమూనాలో 4 మిల్లీమీటర్లంటే అసలు ఓడలో 30 సెంటీమీటర్లు, అంటే దాదాపు అడుగు. అంత వంకర ఉన్న ఓడను ఏ రేవులోనూ నీటిలోకి దింపరు.

ఇప్పుడు ఇది మీకు పెద్దగా కనిపించకపోవచ్చు. మూడు తెరచాప కొయ్యలు నిలబెట్టి వెనుకనుంచి చూసిన రోజున, అవి ఒకే వరుసలో లేవని తెలుస్తుంది. కొయ్యలను పట్టి ఉంచే తాళ్లు ఎడమ వైపు ఒక పొడవు, కుడి వైపు మరొక పొడవు తీసుకుంటాయి. అప్పటికి మీరు నెలల తరబడి పనిచేసి ఉంటారు, వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ముక్కు దగ్గరి ఉబ్బు కూడా చిన్న విషయం కాదు. కట్టీ సార్క్ నీటి గీతకు దిగువన మంట్జ్ లోహపు రేకులతో కప్పిన ఓడ. ఆ లోహంలో రాగి 60 పాళ్లు, జింకు 40 పాళ్లు ఉంటాయి. నమూనాలో దాని బదులు పల్చటి రాగి రేకులు అంటిస్తారు, కింద ఏ మిట్ట ఉన్నా రేకు దాన్ని దాచకపోగా మరింత ఎత్తిచూపుతుంది. కిట్‌లోని చెక్క దొరకదని భయపడకండి. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రను పట్టీలుగా కోయించుకుంటే మొదటి పొరకు చక్కగా సరిపోతుంది, పైన రెండో పొర వస్తుంది కాబట్టి రంగు తేడా కూడా కనిపించదు.

చీపురుపల్లి_కుర్రాడు
ముందుగా ఏ జిగురో చూడండి. ఫెవికాల్ వంటి తెల్ల జిగురైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. ఫెవిక్విక్ వంటిదైతే ఎసిటోన్ కావాలి.

తెప్ప (భావనపాడు)
కొలబద్ద గారి లెక్కను నేను కాదనను. అయితే వారు ఒక ఓడ గురించి మాట్లాడుతున్నారు, మన ముందున్నది ఒక మనిషి చేసిన పని. ఆ పెన్సిలు గీతలను చూసిన తరువాత కూడా ఆ అడ్డచెక్కలను ఒట్టి కర్రముక్కలుగా ఎలా చూడగలరో నాకు అర్థం కాలేదు. మొదటి పొర అంతా తీసి అంకుడు కర్ర వేస్తే, దానిమీద కిట్‌లోని రెండో పొర వేస్తే, ఆ పెద్దాయన చేతిపని ఎక్కడ మిగిలింది? అప్పుడు అది వంశధార_ఒడ్డు గారి ఓడ అవుతుంది. అలా కావడంలో తప్పేమీ లేదు, కానీ అలాంటప్పుడు కొత్త కిట్ కొనుక్కుని మొదలుపెట్టడమే నిజాయతీ.

లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉన్న అసలు కట్టీ సార్క్ విషయమే చూడండి. 2007 మే నెలలో మంటలు అంటుకున్నప్పుడు ఆ ఓడ చాలావరకు దక్కిందంటే, పునరుద్ధరణ కోసం తెరచాప కొయ్యలను, పలకల్లో చాలా భాగాన్ని అప్పటికే విప్పి వేరేచోట భద్రపరచడమే కారణం. తుప్పు పట్టిన ఇనుప చట్రాన్ని పారేసి కొత్తది పెట్టడం వారికి తేలిక. అయినా పాతదాన్నే శుభ్రం చేసి నిలబెట్టారు. 2012లో మళ్లీ జనం చూసింది ఆ పాత చట్రాన్నే.

కొలబద్ద (విజయనగరం)
మీరు ఇచ్చిన ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది. వారు పలకలను విప్పారు. విప్పకుండా పైపైన రంగు వేసి ఊరుకోలేదు.

పైగా ఆ ఓడ పుట్టుకే ఈ ప్రశ్నకు జవాబు. 1869లో స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో దాన్ని కట్టడం మొదలుపెట్టిన స్కాట్ అండ్ లింటన్ సంస్థ దివాలా తీసింది. మిగిలిన పనిని విలియం డెన్నీ సంస్థ పూర్తి చేసింది. సగంలో ఆగిన ఓడను పరాయి చేతులు పూర్తి చేశాయి, ఆ ఓడ ఒకటిన్నర శతాబ్దం నిలిచింది. మొదటివారి గౌరవం కోసం పనిని ఉన్నదున్నట్టుగా వదిలేయాలని అనుకుని ఉంటే అది డంబార్టన్‌లోనే కలపగా మిగిలిపోయేది.

తెప్ప (భావనపాడు)
డెన్నీ వారు పూర్తి చేశారు, లింటన్ కట్టినదాన్ని కూల్చలేదు. ఆ ఓడ రూపకర్తగా ఈనాటికీ చెప్పుకునేది హెర్క్యులిస్ లింటన్ పేరే. పూర్తి చేయడానికీ తిరిగి చేయడానికీ ఉన్న తేడా అదే. మీరు రెండింటినీ కలిపేస్తున్నారు.

కొలబద్ద (విజయనగరం)
కూల్చలేదు, ఎందుకంటే అది సరిగ్గా ఉంది. లింటన్ వెన్నుచెక్క అడుగు మేర వంకరగా ఉంటే డెన్నీ వారు ఏమి చేసేవారో చెప్పండి.

తెప్ప (భావనపాడు)
జరగనిదాని గురించి నేను చెప్పలేను.

నెల్లిమర్ల_నాగావళి
నమూనా ఇచ్చిన ఇంటివారు ఏమన్నారు?

బొబ్బిలి_పనస
మా ఊరి పక్కనే వీణలు చేసే గొల్లపల్లి ఉంది కాబట్టి, అక్కడ చూసిన పద్ధతి ఒకటి చెబుతాను. పాత వీణ మరమ్మతుకు వస్తే మైనం తీసి కొత్త మైనం పోసి, మెట్లు మళ్లీ కూర్చి మేళం కడతారు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, వీణకు అది ఎప్పటికప్పుడు జరగవలసిన పని. ఏకాండి వీణలో కుండ (గుండ్రటి భాగం), దండి (మెట్లు ఉండే పొడవాటి భాగం) ఒకే పనస దుంగలోంచి వచ్చినవి కాబట్టి, అక్కడ పగులు వస్తే అతికి నిలబెట్టాలని చూస్తారు తప్ప కొత్త కుండ తెచ్చి తగిలించరు. తగిలిస్తే అది ఆ వీణ కాదు. ఓడలో మైనం వంటిది ఏది, దండి వంటిది ఏది అన్నది ముందు తేల్చుకుంటే మీ ఇద్దరి వాదన తగ్గుతుందని నా అభిప్రాయం. నా లెక్కలో అడ్డచెక్కలూ వెన్నుచెక్కా దండి, పట్టీలు మైనం.

తెప్ప (భావనపాడు)
పట్టీలు మైనమని నేను ఒప్పుకోను. కిట్‌లో వెన్నుచెక్క, అడ్డచెక్కలు యంత్రం కోసి ఇచ్చినవి, అవి ఎవరు కొన్నా ఒకేలా ఉంటాయి. ఆ పెద్దాయన చేతితో తడిపి, వంచి, పట్టి ఉంచి అంటించినవి పట్టీలే. ఆయన అందులో ఉన్నది అక్కడే.

కొలబద్ద (విజయనగరం)
ఆయన అందులో ఉన్నది ఉబ్బెత్తు పట్టీలలోనే అంటే, అది ఆయనకు గౌరవమా? పట్టీని ముక్కు వైపు సన్నగా చెక్కాలన్నది మొదటి పాఠం. ఆయన దాన్ని నేర్చుకునేలోపే ఆరోగ్యం చెడింది. ఆరోగ్యం ఉండి ఉంటే ఆయనే విప్పి సరిచేసుకునేవారు. తెప్ప గారూ, మీరు ఎప్పుడైనా ఒక్క హల్‌కు పట్టీలు వేశారా? వేసి ఉంటే ఇంత ధైర్యంగా మాట్లాడరు.

తెప్ప (భావనపాడు)
వేయలేదు. మా నాన్నగారు వేశారు, అదీ ఒక్క మేకు లేకుండా. మన తీరంలో ఒకప్పుడు అలల మీద తిరిగిన కుట్టు పడవలను ఆయన చిన్నతనంలో చూశారు. పలక అంచుల్లో రంధ్రాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టే పడవలు అవి. అల నెత్తిన ఎత్తి ఇసుకలో పడేసినప్పుడు మేకు కొట్టిన పడవ విచ్చిపోతుంది, కుట్టు పడవ సాగి నిలుస్తుంది. ఆ పడవకు చిన్న నమూనా చేయాలని ఆయన కూర్చుని, కుట్టు సగం దాకా వచ్చాక కన్నుమూశారు. మా బంధువు ఒకరు మాతో చెప్పకుండానే దాన్ని ఓడ నమూనాలు చేసే ఒకాయనకు ఇచ్చేశారు. ఆయన ఆ కుట్టును వదులుగా ఉందని కోసేసి, పలకలను సూపర్ గ్లూతో అతికించి, గుండుసూదులు దిగ్గొట్టి, పైన అలంకారానికి తాడు చుట్టి, ఒక ప్రదర్శనలో తన పేరుతో పెట్టుకున్నారు. ఆ కుట్టు వదులుగా ఉండటమే ఆ పడవ ప్రాణమని ఆయనకు తెలియదు. ఆయన కూడా సరిచేశాననే అన్నారు. సరిచేయడం అనే మాట వింటే నాకు ఆ గుండుసూదులే గుర్తుకొస్తాయి. నన్ను చెక్కపని తెలుసా అని అడిగారు కాబట్టి ఇంతా రాశాను.

ఆమదాలవలస_రైలు
ఇద్దరూ కాస్త శాంతించండి. అడిగినాయన మళ్లీ కనిపించలేదు.

కొలబద్ద (విజయనగరం)
తెప్ప గారూ, మీ నాన్నగారి పడవకు జరిగింది అన్యాయం. తెలియనివారు తెలిసినట్టు చేసిన పని అది. దాన్ని సరిచేయడం అని నేను ఎన్నడూ అనను. డ్రాయింగు చూడకుండా, ఆ పడవ ఎందుకు అలా ఉందో అడగకుండా చేయి వేసేవారిని నా ఉద్యోగంలోనూ చూశాను.

కానీ నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. నా గదిలో బీరువా మీద నేను మొదలుపెట్టిన ఓడ ఒకటి ఉంది. కళ్లు సహకరించక దాన్ని పక్కన పెట్టాను. దారం ముడి వేయాలంటే ఇప్పుడు భూతద్దం కావాలి, భూతద్దం పట్టుకుంటే చేయి వణుకుతుంది. దాని హల్‌లో ఎక్కడెక్కడ లోపాలు ఉన్నాయో నాకు తెలుసు, వాటిని ఒక కాగితం మీద రాసి ఆ పెట్టెలోనే ఉంచాను. నా తరువాత ఎవరైనా దాన్ని తీసుకుంటే, ఇది మాస్టారి చేతిపని, ముట్టుకోవద్దు అని ఆ లోపాలతో సహా అద్దాల పెట్టెలో పెడితే, నన్ను గౌరవించారని మీరు అనుకుంటారేమో, నేను అనుకోను. నాకు కావలసింది నా చేయి మిగలడం కాదు, ఆ ఓడ నిలబడటం. బారువ పెద్దాయన కూడా సముద్రం మీద బతికిన మనిషి. వంకర ఓడ ఆయన కళ్లకు ఎలా కనిపిస్తుందో ఆలోచించండి.

తెప్ప (భావనపాడు)
మీరు కాగితం రాసి పెట్టారు. అందువల్ల మీ ఓడను విప్పడానికి మీరే అనుమతి ఇచ్చినట్టు. మా నాన్నగారు రాయలేదు, బారువ పెద్దాయన రాయలేదు. రాయనివారి తరఫున ఎవరు మాట్లాడాలన్నదే నా బాధ. పని తెలిసినవారు మాట్లాడాలని మీరు అంటున్నారు, ఇంటివారు మాట్లాడాలని నేను అంటున్నాను.

నెల్లిమర్ల_నాగావళి
నేను పైన అడిగింది కూడా అదే.

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం)
ఆలస్యానికి మన్నించండి, ఇన్ని సమాధానాలు చదివి మళ్లీ బారువ వెళ్లి వచ్చాను. ఆయన భార్యగారిని అడిగాను. ఆవిడ ఇలా అన్నారు: "పూర్తి చేయండి బాబూ, పిల్లలు చూడాలి. ఆయన పెట్టింది మాత్రం పారేయకండి." విప్పవద్దని అనలేదు, పారేయవద్దని అన్నారు. రెండోసారి అడిగినా అదే మాట చెప్పారు.

జిగురు తెల్లదే. తుపాను నీటికి వెనుక మూడు అడ్డచెక్కల దగ్గర అది అప్పటికే సగం వదిలేసింది. కాబట్టి అక్కడ మాత్రమే స్పిరిట్‌తో (పైన చెప్పిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో) పట్టీలు విప్పి, నంబర్లు వేసి పెట్టుకుని, వెన్నుచెక్కను ఆవిరి పట్టి రెండు అల్యూమినియం కోణాల మధ్య బిగించి ఆరనిస్తాను. తరువాత అవే పట్టీలను తిరిగి వేస్తాను. గ్రీనిచ్‌లో పలకలు విప్పి భద్రపరిచారని మీరిద్దరూ చెప్పినదాన్ని బట్టే ఈ ఆలోచన వచ్చింది. ముక్కు దగ్గరి ఉబ్బును విప్పను. ఎత్తుగా ఉన్నచోట ఉప్పుకాగితంతో అరగదీసి, పల్లంగా ఉన్నచోట లప్పం పెట్టి సమం చేస్తాను. మొదటి పొర పట్టీ మందం 1.5 మిల్లీమీటర్లు ఉంది, అరగదీతను తట్టుకుంటుంది.

కొలబద్ద (విజయనగరం)
వెన్నుచెక్క విషయంలో మీ పద్ధతి సరైనదే. కానీ అవే పట్టీలు తిరిగి సరిపోవు. వంకర హల్ మీద ఆరిన పట్టీలు అవి. వెన్నుచెక్క తిన్నగా అయ్యాక ఒక వైపు పొట్టివవుతాయి, రెండో వైపు మిగులుతాయి. పొట్టి అయినచోట అంకుడు ముక్క అతకక తప్పదు. ముక్కు దగ్గర అరగదీసేటప్పుడు వెలుతురును ఒక పక్కనుంచి పెట్టి నీడ చూసుకుంటూ పోండి. 1.5లో సగానికి మించి పోతే పట్టీ చిల్లు పడుతుంది. అక్కడ లోపలివైపు నుంచి ముందుగానే చెక్క ముక్క ఆసరాగా అంటించండి.

తెప్ప (భావనపాడు)
అతికిన ముక్క ఎక్కడెక్కడ ఉందో ఒక కాగితం మీద గీసి ఇంటివారికి ఇవ్వండి. పీట మీద పేరు పలక పెట్టేటట్లయితే మొదట ఆయన పేరు ఉండాలి. ఎక్కడైనా ప్రదర్శనకు పెట్టేముందు ఆవిడను అడగండి.

కొలబద్ద (విజయనగరం)
పేరు విషయంలో నాకు అభ్యంతరం లేదు. ముక్కు పట్టీలు విప్పకపోవడాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. వెన్నుచెక్క ఆరిన తరువాత, రెండో పొర వేయకముందు, ప్రతి అడ్డచెక్క దగ్గర రెండు వైపులా కొలతలు తీసి ఇక్కడ పెట్టండి.

చీపురుపల్లి_కుర్రాడు
స్పిరిట్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర దీపం ఉండకూడదు. ఆ పెన్సిలు రాతల మీద స్పిరిట్ పడకుండా ముందే టేపు వేయండి.