1968 స్పిట్‌ఫైర్‌కు ఇంటి దగ్గరే క్లచ్ మార్చుకోవచ్చా? గేర్ బాక్సు దించే ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న: పటమట పాతకారు (విజయవాడ)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 ఉంది. మా నాన్నగారు మద్రాసులో పనిచేసిన రోజుల్లో కొన్న కారు ఇది. ఆయన పోయాక చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. కిందటి సంవత్సరం కార్బురేటర్లు విప్పి శుభ్రం చేసి, బ్రేకులన్నీ కొత్తవి వేయించి మళ్లీ రోడ్డు ఎక్కించాను.

నెల రోజుల కింద మంగళగిరి వెళ్తూ వారధి ఎక్కుతుండగా నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను హోరు పెరిగింది గాని కారు వేగం పెరగలేదు. అప్పటి నుంచి ఇదే వరస. పొద్దున్నే బయలుదేరితే మొదటి పది కిలోమీటర్లు బాగానే నడుస్తుంది, బండి వేడెక్కాక జారడం మొదలవుతుంది. గేర్లు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా, చప్పుడు లేకుండా పడుతున్నాయి.

ఆటోనగర్‌లో ఇద్దరికి చూపించాను. ఒకాయన ఇంజను, గేర్ బాక్సు రెండూ కలిపి దించాల్సిందే అన్నారు. రెండో ఆయన బానెట్ ఎత్తి ఒకసారి చూసి, ఇంచి నట్లున్న బండి మేము ముట్టుకోమని మర్యాదగానే చెప్పి పంపించారు. అందువల్ల ఇంటి పోర్టికోలోనే చేసుకుందామని అనుకుంటున్నాను. రెండు టన్నుల జాకీ, నాలుగు స్టాండులు, నాన్నగారి ఇంచి పానాల సెట్టు ఉన్నాయి. నిజంగానే ఇంజను తీయాలా? క్లచ్ ప్లేటు ఒక్కటి మారిస్తే సరిపోతుందా, మొత్తం సెట్టు వేయాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: హెరాల్డ్ మేస్త్రి (గుంటూరు)

బాబూ, నేను గుంటూరులో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. స్పిట్‌ఫైర్ మీద నేను పని చేసింది రెండు మూడు సార్లే గాని, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు లెక్కలేనన్ని విప్పాను. మీ బండి ఛాసిస్ ఆ హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి చేసినదే కాబట్టి, పని పద్ధతి ఇంచుమించు ఒకటే.

ముందుగా మీ ప్రశ్నలోని ఒక మాట సరిచేస్తాను. ఈ బండికి గేర్ బాక్సు దించడం ఉండదు, పైకి తీయడమే. సీట్లు, తివాచీ తీసి, మధ్యలో ఉన్న సొరంగం కవరు విప్పితే గేర్ బాక్సు మొత్తం కారు లోపల కూర్చున్న మనిషి కాళ్ల దగ్గరే కనబడుతుంది. ఇంజను కదపనక్కరలేదు. దాని నూనె తొట్టి కింద చెక్క ముక్క పెట్టి జాకీ ఆనిస్తే చాలు, గేర్ బాక్సు వెనక్కు జరిగి తలుపులోంచి బయటికి వస్తుంది. ఇంజను దించాలన్న పెద్దమనిషి ఈ రకం బండి ఎప్పుడూ విప్పి ఉండరు, ఆయన తప్పు లేదు.

అయితే పానా పట్టే ముందు రెండు పరీక్షలు చేయండి. వీటిని వదిలేసి నేరుగా విప్పినవాళ్లు రెండోసారి విప్పడం నేను చూశాను.

మొదటిది రబ్బరు గొట్టం. మీ బండిలో క్లచ్ నూనెతో పనిచేస్తుంది. పైనున్న మాస్టర్ సిలిండర్ నుంచి గేర్ బాక్సు మీది స్లేవ్ సిలిండర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం పాతబడితే లోపల ఉబ్బిపోయి దారి మూసుకుంటుంది. పెడల్ బలంగా తొక్కుతారు కాబట్టి నూనె పోతుంది, కాలు తీశాక మాత్రం తిరిగి రాదు. క్లచ్ సగం తొక్కిపెట్టినట్టే ఉండిపోయి జారుతుంది, వేడికి ఇది ఇంకా ఎక్కువవుతుంది. మీ బండి వేడెక్కాకే జారుతోంది అన్నారు కాబట్టి ఈ అనుమానం వదలకూడదు. జారుతున్న సమయంలోనే బండి ఆపి, స్లేవ్ సిలిండర్ బ్లీడ్ నిపిల్ (గాలి తీసే చిన్న మర) ఒక్క చుట్టు వదలండి. నూనె ఎగజిమ్మి, మళ్లీ బిగించి నడిపితే జారడం తగ్గినట్లయితే దోషం గొట్టానిదే. గేర్ బాక్సు ముట్టుకోనక్కరలేదు.

రెండోది ఇంతకంటే ముఖ్యం. ఇంజను ఆపేసి, ఇంట్లోవారిని ఎవరినైనా క్లచ్ పెడల్ తొక్కి వదులుతూ ఉండమనండి. మీరు బానెట్ ఎత్తి క్రాంక్ (ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు భాగంలో ఉన్న పుల్లీని చూడండి. పెడల్ తొక్కినప్పుడల్లా పుల్లీ ముందుకు జరిగి, వదిలితే వెనక్కు వెళ్తున్నట్టు కంటికి తెలిసిందంటే, వెనకటి మెయిన్ బేరింగు దగ్గరుండే థ్రస్ట్ వాషర్లు అరిగాయని అర్థం. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంకును ముందుకు నెట్టే బలమంతా ఆ రెండు అర్ధచంద్రాకారపు ముక్కల్లో వెనకటిదే మోస్తుంది. అవి పూర్తిగా అరిగితే జారి నూనె తొట్టిలో పడతాయి, ఆ తర్వాత క్రాంకు నేరుగా బ్లాకునే తినేస్తుంది. కొత్త క్లచ్ వేసి అరిగిన వాషర్లు అలాగే ఉంచితే బ్లాకుకే ఎసరు. ఈ పరీక్ష ఫలితం చెప్పకుండా సామాను ఆర్డరు పెట్టకండి.

జవాబు 2: కృష్ణలంక హెరాల్డ్ (విజయవాడ)

మేస్త్రిగారు చెప్పినదంతా అక్షరాలా నిజం. నేను నా హెరాల్డ్‌కు మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంట్లోనే క్లచ్ మార్చాను. మొదటిసారి కాబట్టి మూడు రోజులు పట్టింది. అందులో ఒక రోజు పూర్తిగా నా పొరపాటు వల్లే పోయింది, దాని సంగతి చివర చెబుతాను.

బ్యాటరీ తీగ తీయడంతో మొదలుపెట్టండి, ఎందుకంటే స్టార్టర్ మోటారు బోల్టులు కూడా ఇందులో విప్పాలి. సొరంగం కవరు అట్టలాంటి పదార్థంతో చేసినది. నాది అంచులు నాని పొరలు పొరలుగా విడిపోయింది. మీది బాగుంటే లాగకండి, ప్రతి మర తీశారో లేదో వేలితో తడిమి చూసుకోండి. ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్ బాక్సు నుంచి వెనక చక్రాల వైపు తిరుగుడు అందించే గొట్టం) ముందువైపు నాలుగు బోల్టులకు 9/16 పానా సరిపోతుంది. విప్పే ముందు రెండు అంచుల మీదా ఒక గీత గీసుకుంటే తిరిగి అదే స్థానంలో బిగించవచ్చు. స్పీడోమీటరు కేబులు, గేరు రాడ్డు, స్లేవ్ సిలిండర్ విడదీయండి. స్లేవ్ సిలిండర్‌ను గొట్టంతో సహా పక్కకు కట్టేస్తే నూనె పోదు, తర్వాత గాలి తీసే పని ఉండదు. ఇక బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గేర్ బాక్సు ముందు తొడుగు) చుట్టూ ఉన్న బోల్టులు. పైవి కారు లోపలి నుంచి అందుతాయి గాని, కింది రెండింటికి నేల మీద పడుకోక తప్పదు. బండిని స్టాండుల మీదే నిలబెట్టండి, ఇటుకలు వద్దు. మా వీధిలోనే ఒకాయన ఇటుకల మీద పెట్టిన బండి పక్కకు ఒరగడం కళ్లారా చూశాను.

గేర్ బాక్సు వెనక్కు లాగేటప్పుడు లోపల ఒకరు, తలుపు దగ్గర ఒకరు ఉండాలి. ముందుకు పొడుచుకొచ్చే షాఫ్టు ప్లేటులోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా గేర్ బాక్సు బరువును వేలాడనివ్వకూడదు. వేలాడితే ప్లేటు మధ్యభాగం వంగుతుంది. ఓవర్‌డ్రైవ్ ఉన్న బాక్సైతే ఇంకా బరువు, పైగా దానికి తీగలు కూడా ఉంటాయి.

ఇప్పుడు నా పొరపాటు. ప్లేటుకు స్ప్రింగులున్న బొడ్డు ఒకవైపు ఎక్కువ పొడుచుకొని ఉంటుంది. అది గేర్ బాక్సు వైపు రావాలి. నేను తిప్పి వేశాను. అన్నీ బిగించి, సీట్లు కూడా పెట్టాక, పెడల్ నేలకు తొక్కినా గేరు పడలేదు. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. మళ్లీ అంతా విప్పాల్సి వచ్చింది.

జవాబు 3: లేత్ మాస్టారు (ఆటోనగర్, విజయవాడ)

నాది లేత్ పని, కాబట్టి నా దాకా వచ్చే భాగం గురించే చెబుతాను.

ఫ్లైవీల్ (క్రాంకు చివర ఉండే, క్లచ్ ప్లేటు ఆనుకునే బరువైన చక్రం) తీసి తీసుకురండి. ముఖం మీద నీలి మచ్చలు, రివెట్లు గీసిన గాట్లు ఉంటే పలుచగా ఒక్క పట్టు తీసి సమం చేస్తే చాలు. అవసరానికి మించి తీయించకండి. తీసే ముందు ఫ్లైవీల్‌కూ క్రాంకుకూ కలిపి గుర్తు పెట్టుకోండి.

ప్లేటు విషయంలో కొత్త సెట్టే వేయాలని చాలామంది చెబుతారు. మీ మార్క్ 3కి ఆరున్నర అంగుళాల డయాఫ్రమ్ క్లచ్ ఉంటుంది. దాని ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపట్టే భాగం) స్ప్రింగు వదులైపోతే ఇక్కడ బాగుచేసే దారి లేదు, బ్రిటన్ నుంచి తెప్పించుకోవాల్సిందే. కాని మధ్య ప్లేటు బొడ్డులోని పళ్లు, స్ప్రింగులు గట్టిగా ఉంటే దానికి కొత్త లైనింగు రివెట్లతో వేయించవచ్చు. ఆటోనగర్‌లో ఆ పని ఇప్పటికీ బాగానే చేస్తారు. నా అభిప్రాయంలో సామాను రావడం ఆలస్యమైతే రీలైనింగ్ తప్పేమీ కాదు. రిలీజ్ బేరింగు, క్రాంకు చివర ఉండే చిన్న కంచు బుష్షు మాత్రం చూసి చూడనట్టు వదలకండి. కొత్త బుష్షును వేసే ముందు ఒక రాత్రంతా ఇంజను నూనెలో నానబెట్టండి.

ప్లేటును మధ్యకు తెచ్చే కడ్డీ కొనక్కరలేదు. బుష్షు రంధ్రం కొలత, ప్లేటు రంధ్రం కొలత తెస్తే టేకు ముక్కను మెట్లుగా తిప్పి ఇస్తాను, పావుగంట పని. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి.

ఒక హెచ్చరిక. అంత పాత క్లచ్ లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. బెల్ హౌసింగ్‌లో నల్లటి పొడి పేరుకొని ఉంటుంది, దాన్ని గాలి పెట్టి ఊదించకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో మూటకట్టి పారేయండి.

జవాబు 4: హెరాల్డ్ మేస్త్రి (గుంటూరు)

లేత్ మాస్టారుగారి రీలైనింగ్ మాటతో నాకు పూర్తిగా పొత్తు కుదరదు. హెరాల్డ్‌కు చాలాసార్లు వేయించాను, నిలిచాయి. కాని లైనింగు మందం కొంచెం తేడా వచ్చినా డయాఫ్రమ్ క్లచ్‌లో పెడల్ పట్టే స్థానం మారిపోతుంది. వేయిస్తే మాత్రం పాత మందం కొలిచి, అదే చేయించండి. ఆస్‌బెస్టాస్ గురించి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా రోజుల్లో నోటితో ఊదేవాళ్లం.

ప్రశ్న అడిగినవారు: పటమట పాతకారు

ఆలస్యానికి మన్నించాలి. నిపిల్ పరీక్ష చేశాను, జారడంలో మార్పు లేదు. పుల్లీ పరీక్షకు మా అమ్మాయిని పెడల్ దగ్గర కూర్చోబెట్టాను. పుల్లీ కదలిక కంటికి స్పష్టంగా కనిపించింది. అక్కడే ఆగిపోయి, నూనె తొట్టి దించి వెనకటి మెయిన్ క్యాప్ తీశాను. మేస్త్రిగారు చెప్పకపోయి ఉంటే ఎంత నష్టపోయేవాడినో! ఒక వాషర్ మీది తెల్లటి పూత పూర్తిగా పోయి, వేలిగోరుకు తగిలే అంచు ఏర్పడింది. ఐదు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఐదు) మందం ఎక్కువ ఉన్న వాషర్లు తెప్పించి, గాడులున్న ముఖాలు క్రాంకు వైపు వచ్చేలా వేశాను.

ఆ తర్వాత గేర్ బాక్సు తీశాను. ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది, ఫ్లైవీల్ మీద గాట్లు పడ్డాయి. క్లచ్ సెట్టు కూడా వాషర్లతోనే వచ్చింది కాబట్టి రీలైనింగ్ అవసరం రాలేదు. ఫ్లైవీల్‌ను లేత్ మాస్టారుగారి దగ్గరే చేయించాను, టేకు కడ్డీ కూడా ఆయన ఇచ్చినదే.

ఇప్పుడు ఒక్క చోట ఆగిపోయాను. గేర్ బాక్సు అంతా లోపలికి వెళ్లి చివరి అర అంగుళం దగ్గర నిలిచిపోతోంది. ప్లేటు మధ్యలోనే ఉంది, రెండుసార్లు చూశాను. బెల్ హౌసింగ్ బోల్టులు పెట్టి బిగిస్తే లోపలికి వస్తుందా?

జవాబు 5: హెరాల్డ్ మేస్త్రి (గుంటూరు)

బోల్టులతో లాగవద్దు, ఇప్పుడే పానా కింద పెట్టండి. అలా లాగితే ప్లేటు బొడ్డు వంగుతుంది, లేదా బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది. షాఫ్టు పళ్లు ప్లేటు పళ్లతో కలవకపోవడమే కారణం. గేర్ బాక్సును నాలుగో గేరులో వేసి, ఒకరు వెనకనున్న ఫ్లాంజిని (ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే అంచును) చేత్తో నెమ్మదిగా తిప్పుతుండగా, ఇంకొకరు బాక్సును ఇంజనుకు సమాంతరంగా పట్టుకొని ముందుకు నెట్టండి. పళ్లు కలిసిన క్షణాన టక్కుమని జారి, బెల్ హౌసింగ్ ముఖం ఇంజను వెనక పలకకు ఆనుతుంది. అప్పుడు బోల్టులు వేళ్లతోనే తిరుగుతాయి.