చెకౌట్ స్క్రిప్ట్ మన సర్వర్‌లోనే పెట్టుకుంటే తప్పేంటి?

గోంగూర డెవ్: డల్లాస్‌లో మా బావ నడిపే పచ్చళ్ళ సైట్‌కి కార్డు పేమెంట్ల కోసం స్ట్రైప్ కంపెనీ ఇచ్చే స్క్రిప్ట్ ఫైలు, స్ట్రైప్ జేఎస్, పెడుతున్నాను. ఫైలు వాళ్ళ డొమైన్ నుంచే లోడ్ చేయాలట, కాపీ చేసి మన దగ్గర పెట్టుకోకూడదట. ఎందుకు? మన దగ్గరుంటే మనకు తెలియకుండా మారదు కదా.

సర్వర్ సాంబ: పెట్టుకోకండి. కార్డు నంబరు కొట్టే గళ్ళు మీ పేజీవి కావు, స్ట్రైప్ ఐఫ్రేమ్‌లోవి, అంటే మీ పేజీలో కిటికీలా తెరుచుకునే వాళ్ళ పేజీవి. నంబరు నేరుగా వాళ్ళకే పోతుంది, మీ సర్వర్‌ని తాకదు. అందుకే పీసీఐ అనే కార్డు డేటా భద్రతా నిబంధనల్లో అన్నిటికన్నా చిన్న ఫారంతో బయటపడుతున్నారు. ఫైలు కాపీ చేస్తే ఆ వెసులుబాటు చేజారవచ్చు. వాళ్ళు చేసే భద్రతా మార్పులూ మీకు అందవు.

గోంగూర డెవ్: నంబరు పడేది ఐఫ్రేమ్‌లోనే అయినప్పుడు, దాన్ని తెచ్చే ఫైలు ఎక్కడుంటే ఏం?

సర్వర్ సాంబ: ఆ ఫైలు చేతికి చిక్కినవాడు అచ్చం అలాంటి నకిలీ గళ్ళే చూపిస్తాడు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైట్‌లో ఉన్న మోడర్‌నైజర్ అనే జావాస్క్రిప్ట్ ఫైలు చివర 22 లైన్లు అతికించారు. పే బటన్ మీంచి వేలు తీయగానే కార్డు వివరాలు దొంగల సర్వర్‌కి చేరాయి. 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది.

వైజాగ్ టెస్టర్: అక్కడ గళ్ళు వాళ్ళ సొంత పేజీవే సాంబ గారూ. ఐఫ్రేమ్ కాదు. పోలిక కుదరలేదు.

సర్వర్ సాంబ: మార్చింది సొంత సర్వర్‌లోని ఫైలునే. నేను చెప్పేది అదే.

గోంగూర డెవ్: పాఠాలు ఆపండి సార్. పోయిన దసరా సేల్‌లో వేరే గేట్‌వే (స్ట్రైప్ లాంటి పేమెంట్ల కంపెనీ) వాళ్ళ స్క్రిప్ట్ లోడ్ కాలేదు. బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. జనం తిట్టింది మా బావని, గేట్‌వేని కాదు.

సర్వర్ సాంబ: కాపీ ఉన్నా వాళ్ళ సర్వర్ పడిపోతే ఏం చేసేవారు? కోపంతో సెక్యూరిటీ నిర్ణయాలు తీసుకోకండి.

గోంగూర డెవ్: కోపం కాదు, నష్టం! కొందరికి డబ్బు కట్ అయింది, ఆర్డర్ పడలేదు. డబ్బు అందిందని గేట్‌వే మా సర్వర్‌కి పంపే కబురు, అదే వెబ్‌హుక్, ఆలస్యంగా వచ్చింది, ఈలోపు మళ్ళీ కట్టారు. రీఫండ్లు, వాటి ఛార్జీలు మా నెత్తినే. మా షాపు ఎప్పుడు తెరిచి ఉండాలో ఇంకొకళ్ళు తేల్చడమేంటి? నా బాధ అది.

వైజాగ్ టెస్టర్: ఇది మొదటే చెప్పాల్సింది. ఆర్డర్‌కి ఒకే పేమెంట్ ఇంటెంట్ (చెల్లింపు కోసం స్ట్రైప్‌లో తెరిచే రికార్డు) వాడండి. ఒకసారి సక్సెస్ అయ్యాక దాని మీద రెండోసారి డబ్బు కట్ కాదు.

సర్వర్ సాంబ: స్క్రిప్ట్ రాకపోతే చూపించడానికి రెండో గేట్‌వే కూడా పెట్టుకోండి. ఫైలు కాపీతో ఇవేవీ తీరవు.

గోంగూర డెవ్: పేమెంట్ ఇంటెంట్ సంగతి సరే, పెడతాను. రెండో గేట్‌వే అంటే ఇంకో అకౌంట్, ఇంకో లెక్కలు. వాళ్ళ స్క్రిప్ట్ ఆగినందుకు ఆ ఖర్చు చిన్న షాపు ఎందుకు మోయాలి? దీనికి మీ ఇద్దరూ జవాబు చెప్పలేదు.