అప్‌డేట్: బెల్జియం సైక్లోక్రాస్ పోటీలకు మా అబ్బాయి వెళ్లి వచ్చాడు

పదిహేడేళ్ల మా అబ్బాయిని క్రిస్మస్ సెలవుల్లో కొలరాడో నుంచి బెల్జియంలో సైక్లోక్రాస్ (బురద, గడ్డి, ఇసుక దారుల్లో చుట్లు తిరిగే సైకిల్ పందెం) పోటీలకు తీసుకెళ్తున్నానని, ఒక్క సైకిల్ సరిపోతుందా అని నవంబరులో ఇక్కడ అడిగాను. రెండోది తప్పనిసరి అని మీరు చెప్పిన మాటే నిజమైంది.

జనవరి 1న బాల్ అనే బెల్జియం ఊళ్లో జరిగిన పోటీలో, ఒక్క చుట్టు పూర్తయ్యేసరికి గొలుసుకూ బ్రేకులకూ బంకమట్టి ఎంతగా పట్టేసిందంటే, వాడు పిట్‌లోకి (పోటీ మధ్యలో సైకిల్ మార్చుకునే చోటులోకి) వచ్చి బురద సైకిల్‌ను నా చేతికి వదిలి, కడిగి సిద్ధంగా ఉంచిన రెండోదాన్ని అందుకుని పరుగు తీశాడు. నేను నీళ్ల పంపు వద్ద వరుసలో నిలబడి, వాడు మళ్లీ వచ్చేలోగా మొదటిదాన్ని కడిగాను. వేళ్లు కొయ్యబారిపోయాయి. జూనియర్ల పోటీ సుమారు 40 నిమిషాలే అయినా పిట్‌లో ఉన్నవారికి ఊపిరి సలపదు.

టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించరాదన్న నియమం ఉన్నందున, తేడా అంతా గాలి ఒత్తిడిలోనే ఉంటుందని అక్కడే అర్థమైంది. ఇంటి దగ్గర పెట్టుకునే ఒత్తిడితో వాడు మొదటి రోజు మూడుసార్లు జారిపడ్డాడు.

అంతర్జాతీయ ర్యాంకింగ్ పాయింట్లు లేనందున ప్రతిసారీ చివరి వరుసలోనే నిలబడ్డాడు. ఇరుకైన మొదటి మలుపులో అందరూ ఒక్కసారిగా ఆగిపోతే వెనుకవారు సైకిల్ దిగి నడవవలసిందే. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఫలితాల పట్టికను అంత ఆత్రంగా చూసేవాడిని కాను.

సైకిల్ పెట్టె ఒకటి విమానంలో రాక రెండు రోజులు ఆలస్యమైంది. వచ్చే శీతాకాలం మళ్లీ వెళ్తానంటున్నాడు. ఈసారి పెడల్స్, బూట్లు చేతిసంచిలోనే పెడతాం.